పాండవుల గుట్టపై రాతి బొమ్మలు చూడాలంటే

పాండవుల గుట్టకు వెళ్లి "అక్కడ చూడటానికేమీ లేదు" అంటూ తిరిగివచ్చినవాళ్లు నాకు చాలామంది తెలుసు. వాళ్లలో మొదటివాణ్ని నేనే. పొద్దున్నే హనుమకొండలో బయల్దేరి, రొప్పుతూ గుట్టెక్కి, రాతి గోడల మీద ఉన్నాయన్న పాతకాలపు బొమ్మల కోసం చరియల కింద అరగంట తిరిగి, రెండు ఎర్రటి మరకలు చూసి దిగిపోయాను. కింద చెట్టు నీడన మేకలు కాస్తున్న పెద్దాయన "బొమ్మలు చూశారా సారూ?" అని అడిగాడు. కనిపించలేదన్నాను. "నిలబడితే కనిపించవు, కూర్చోవాలి" అని ఒక్కమాట చెప్పి మేకల వెంట వెళ్లిపోయాడు. అప్పుడది వేళాకోళం అనిపించింది. మూడోసారి వెళ్లినప్పుడు గానీ ఆయన ఎంత సరిగ్గా చెప్పాడో తెలియలేదు.

ముందు చోటు సంగతి. పాండవుల గుట్ట జయశంకర్ భూపాలపల్లి జిల్లా రేగొండ మండలంలో, వరంగల్‌కు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉంది. 2016లో జిల్లాలు విడిపోకముందు ఇదంతా వరంగల్ జిల్లాయే. ఇక్కడి రాతి చిత్రాలు 1990లో లోకానికి తెలిశాయి. మేకలు కాసేవాళ్లకూ తునికాకు తెంపేవాళ్లకూ అంతకుముందే తెలిసి ఉంటాయనుకోండి, వాళ్లను అడిగినవాళ్లెవరు? వేల ఏళ్ల కిందటి మధ్యరాతి యుగం నుంచి చారిత్రక కాలం దాకా వేర్వేరు కాలాల మనుషులు ఈ ఇసుకరాతి చరియల గోడల మీద, కప్పుల మీద బొమ్మలు వేశారు. అడవిదున్న, జింక, పులి, చిరుత వంటి జంతువులు, విల్లంబులు, కత్తులు, బల్లెం పట్టిన మనుషులు, వలయాలు, చతురస్రాలు, స్వస్తిక్ గుర్తు ఉన్నాయి. రంగులు ఎరుపు, పసుపు, తెలుపు, ఆకుపచ్చ.

పాండవులు వనవాసంలో ఇక్కడ తలదాచుకున్నారని చుట్టుపక్కల ఊళ్లవాళ్ల నమ్మకం. మనవాళ్లకు ఇదొక అలవాటు. ఎవరు చేశారో తెలియని పాతది ఏది కనిపించినా పాండవులకో రాక్షసులకో అప్పగించేస్తారు. తాడ్వాయి అడవిలో దామరవాయి దగ్గరున్న పురాతన రాతి సమాధులకు రాక్షస గుళ్లని పేరు.

ఎప్పుడు వెళ్లాలి

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. నన్నడిగితే ఫిబ్రవరి ఇంకా మేలు. ఆకు రాలి కాలిబాట తెలుస్తుంది, చరియలు దూరం నుంచే కనిపిస్తాయి, మోదుగులు పూసి ఉంటాయి. వానాకాలంలో గుట్ట అందంగా ఉంటుంది గానీ రాళ్ల మీద నాచు పట్టి కాలు నిలవదు. ఏప్రిల్, మే నెలల్లో ఈ వైపు ఎండ 43 డిగ్రీలు దాటడం మామూలే. ఇసుకరాయి పొద్దున పీల్చుకున్న వేడిని సాయంత్రం దాకా మొహం మీద కక్కుతూనే ఉంటుంది. వేసవి సెలవుల్లో పిల్లలను తీసుకుని వెళ్తామనేవాళ్లకు నా జవాబు ఒకటే, సంక్రాంతి సెలవుల్లో వెళ్లండి.

రెండేళ్లకోసారి మాఘమాసంలో వచ్చే మేడారం జాతర వారం మాత్రం ఇటు రావద్దు. జాతర నుంచి తిరిగివచ్చే వాహనాలను భూపాలపల్లి, పరకాల మీదుగా మళ్లిస్తుంటారు. మీరు ఆ వరుసలో ఇరుక్కుంటే రాత్రి ఏ వేళకు ఇల్లు చేరతారో చెప్పలేం.

దారి

హనుమకొండ బస్టాండులో పరకాల మీదుగా భూపాలపల్లి వెళ్లే బస్సు ఎక్కండి. గూడెప్పాడ్ దగ్గర ములుగు దారి ఒకవైపు, పరకాల దారి ఇంకోవైపు చీలుతాయి. సొంత బండి మీద వెళ్లేవాళ్లు అక్కడ పొరపాటున ములుగు వైపు సాగిపోకుండా చూసుకోవాలి. రేగొండలో దిగి ఆటో మాట్లాడుకోండి. ఆటో మాట్లాడేటప్పుడే తిరుగు ప్రయాణం సంగతి తేల్చుకోవడం ముఖ్యం. గుట్ట దగ్గర ఫోను అందుతుందన్న నమ్మకం పెట్టుకోకుండా, ఇన్ని గంటలకు రావాలని డ్రైవరుకు ముందే చెప్పి, సగం డబ్బులు వచ్చాకే ఇస్తానని ఒప్పించండి. బండి మీదైతే పెట్రోలు పరకాలలోనే నింపుకోండి.

గుట్ట అటవీశాఖ పరిధిలో ఉంది. కింద సిబ్బంది కనిపిస్తే వాళ్లకు చెప్పి, పేర్లు రాయించి, రుసుము ఉంటే కట్టి వెళ్లండి. తప్పించుకుని వేరే దారిన ఎక్కడం గొప్పతనంగా చెప్పుకునేవాళ్లున్నారు. పైన కాలు బెణికితే మిమ్మల్ని వెతకాల్సింది ఆ సిబ్బందే. ఊరి మనిషినొకరిని తోడు తీసుకెళ్లండి, రోజుకూలికి తగ్గకుండా ఇవ్వండి. గుట్ట మీద బొమ్మలన్నీ ఒకేచోట లేవు, దూరదూరంగా చరియల్లో ఉన్నాయి. తెలిసిన మనిషి లేకుండా వెళ్తే సగం పూట దారి వెతకడంతోనే గడిచిపోతుంది.

సంచిలో ఏముండాలి

మనిషికి మూడు లీటర్ల నీళ్లు. చలికాలమైనా సరే. ఒక సీసాలో ఉప్పు, నిమ్మరసం కలుపుకోండి. పూర్తి చేతుల నూలు చొక్కా, పట్టు తప్పని బూట్లు, మెడకు తువ్వాలు. తిండికి సర్వపిండి కంటే మంచిది నాకు దొరకలేదు. చల్లారినా బాగుంటుంది, నలగదు, సాయంత్రం దాకా పాడవదు. చిన్న టార్చి, ఉంటే బైనాక్యులర్లు, పెన్సిలు, గీతలు లేని నోటుపుస్తకం. బైనాక్యులర్లు దేనికంటారేమో, కొన్ని బొమ్మలు మన తల మీద ఎక్కడో, చేయి చాచినా అందని ఎత్తులో ఉంటాయి. వేసినవాడు ఏ నిచ్చెన ఎక్కాడో, ఎవరి భుజాల మీద నిలబడ్డాడో.

సెంటు పూసుకోవద్దు. దీని కారణం కింద చెబుతాను.

ఎక్కేటప్పుడు

ఇసుకరాయి చూడటానికి గట్టిగా కనిపిస్తుంది గానీ అంచులు పొరలుపొరలుగా ఊడుతుంటాయి. చేత్తో పట్టుకునే ప్రతి రాయినీ ముందు ఒకసారి కదిలించి చూడండి. కనిపించని పగుల్లో చేయి పెట్టకండి, పాములకూ తేళ్లకూ అవే ఇళ్లు. లోతైన గుహల్లోకి ముందుగా దూరకండి. ఇలాంటి రాతి గుట్టలు ఎలుగుబంట్లకు ఇష్టమైన నివాసాలు. బయట నిలబడి గట్టిగా మాట్లాడుతూ కాసేపు ఆగితే లోపల ఏదైనా ఉంటే దాని దారి అది చూసుకుంటుంది.

అన్నిటికంటే భయపడాల్సింది కొండ తేనెటీగలకు. ఎత్తైన చరియల చూర్లకు వేలాడే పెద్ద తేనెపట్లు దూరానికి నల్లటి మరకల్లా ఉంటాయి. ఒక్కోసారి ఆ మరక మీద అలలాంటిది పాకుతుంది, ఈగలన్నీ ఒకదాని తర్వాత ఒకటి తోక ఎత్తి దించడం వల్ల వచ్చే మెరుపది. "దగ్గరికి రావద్దు" అని వాటి భాష. ఆ చరియ వదిలేసి ఇంకోటి చూసుకోండి. ఘాటైన వాసనలు, పొగ, అరుపులు వాటికి పడవు. సెంటు వద్దన్నది ఇందుకే. గుట్ట మీద సిగరెట్టు వెలిగించేవాణ్ని వెంట తీసుకెళ్లకపోవడం ఇంకా మంచిది. ఒకవేళ లేచాయనుకోండి, చేతులు విసరకుండా, తువ్వాలు తలకూ మొహానికీ చుట్టుకుని, పరుగెత్తగలిగిన చోట పరుగెత్తండి, అంచు మీద ఉంటే మాత్రం పడిపోకుండా నడవండి. ఈగ కుట్టినచోట దిగబడిన ముల్లును గోటితో వెంటనే గీకి తీసేయాలి. ఆ ముల్లు నుంచి వచ్చే వాసన మిగతా ఈగలను అక్కడికే పిలుస్తుంది. ఒళ్లంతా దద్దుర్లు లేచినా, ఊపిరి ఆడకపోయినా బొమ్మల సంగతి మరచి ఆసుపత్రికి వెళ్లండి.

చరియ కింద ఏం చేయాలి

ఇప్పుడు అసలు పని. చరియ కిందికి చేరగానే చేయాల్సిందల్లా సంచి దించి, గోడకు నాలుగడుగుల దూరంలో కూర్చోవడం. ఫోను తీయొద్దు. ఎండలోంచి వచ్చిన కళ్లు నీడకు అలవాటు పడటానికి పది నిమిషాలైనా పడుతుంది. ఆ పది నిమిషాలు గోడ వైపు ఊరికే చూస్తూ ఉండండి.

మొదట కనిపించేది రాయి రంగే. ఇసుకరాయిలో ఇనుము సహజంగానే ఉంటుంది కాబట్టి గోడ నిండా ఎర్రటి, పసుపు చారలుంటాయి. కొత్తవాళ్లు ఇక్కడే మోసపోతారు, ప్రతి మరకలోనూ పులిని చూస్తారు. లేదా నాలాగా అసలైన పులిని మరకనుకుని వదిలేస్తారు. తేడా పట్టడానికి నాకు పనికొచ్చిన గుర్తులు చెబుతాను. సహజమైన చార రాతి పొర వెంబడి పోతుంది, నీటి జాడ పైనుంచి కిందికి జారుతుంది. మనిషి గీసిన గీత రాతి పొరను లెక్కచేయకుండా అడ్డంగా దాటుతుంది. దాని వెడల్పు మొదటినుంచి చివరిదాకా ఇంచుమించు ఒకేలా, వేలి మందానో పుల్ల మందానో ఉంటుంది. అలాంటి గీత ఒకటి దొరికితే దాన్ని వదలకుండా రెండు కొసలకూ వెళ్లండి. ఒక కొస ఇంకో గీతను కలుస్తుంది. అక్కడి నుంచి బొమ్మ దానంతటదే లేస్తుంది.

మూడోసారి వెళ్లినప్పుడు నాకు జరిగింది ఇదే. కూర్చున్నచోట కళ్లెదుట, నేల నుంచి నా ఛాతీ ఎత్తున, లోపలికి వంగిన రెండు గీతలు కనిపించాయి. అవి కొమ్ములని తెలియడానికి కొంతసేపు పట్టింది. కొమ్ముల వెనక ఎత్తైన మూపురం, అక్కడి నుంచి తోక దాకా ఒక్క ఊపులో లాగిన వీపు గీత. జానకు కాస్త పెద్ద బొమ్మ అంతే. కానీ ఆ వీపు గీతను ఎక్కడా దిద్దలేదు. ఆ జంతువును బాగా ఎరిగిన చెయ్యి ఒకేసారి లాగి వదిలేసింది. అడవిదున్నో ఎద్దో నేను తేల్చలేకపోయాను. ఆ ఎరుపు మాత్రం నాకు బాగా తెలిసిన ఎరుపు. చిన్నప్పుడు మా అమ్మమ్మ పండగ ముందు అరుగులకు పూసిన జాజు రంగు.

పోలిక ఊరికే వచ్చింది కాదు. జాజు, కావి, జేగురు అని మనం పిలిచే ఎర్రమట్టి రంగులకూ ఈ బొమ్మల ఎరుపుకూ మూలం ఒకటే, ఇనుము తుప్పు. అది ఎండకు వెలిసిపోదు. ఇసుకరాయి రంధ్రాల్లోకి ఇంకి రాయిలో భాగమైపోతుంది. పైన రాతి చూరు వానను ఆపుతుంది. అన్నేళ్లు నిలవడం వెనక ఉన్న రహస్యం ఇంతే.

ఏది ఎంత పాతదో అక్కడే కూర్చుని కొంతవరకు ఆలోచించవచ్చు. ఇనుప రంగులో కర్బనం ఉండదు కాబట్టి కార్బన్ పరీక్షతో నేరుగా వయసు తేల్చడం కుదరదు. అందుకని నిపుణులు కూడా ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ ఎక్కడ పడిందో చూస్తారు. కింది గీతను కప్పేసిన పై గీత తర్వాతి కాలానిది. బొమ్మలో ఏముందన్నది ఇంకో ఆధారం. కత్తి పట్టిన యోధుడు కనిపిస్తే లోహం తెలిసిన కాలానికి వచ్చామని అర్థం. పక్కనే ఉన్న జింక అంతకంటే ఎన్ని వేల ఏళ్ల ముందుదైనా కావచ్చు, ఆ యోధుణ్ని వేసినవాడు కూడా ఆ జింకను మనలాగే నోరు తెరుచుకుని చూసి ఉండవచ్చు.

ఒక బొమ్మ దొరికాక వెలుతురు మార్చి చూడండి. టార్చిని నేరుగా గోడ మీద కొడితే అంతా తెల్లబోతుంది. పక్కనుంచి ఏటవాలుగా పట్టుకోండి. ఎండ ఎక్కువగా ఉంటే తోడొచ్చినవాళ్లను తువ్వాలు పరచి నీడ పట్టమనండి. సమంగా పరుచుకున్న నీడలో రంగు బాగా తెలుస్తుంది.

నీళ్లు తాగడానికే

మొదటిసారి వెళ్లినప్పుడు నేను చేసిన తప్పు చెప్పుకోవాలి. మాతో వచ్చిన ఒకతను "నీళ్లు చల్లితే బొమ్మలు బాగా కనిపిస్తాయి" అన్నాడు. సీసా నా చేతిలోనే ఉంది. ఎర్రటి మరక మీద చల్లాను. రంగు నిజంగానే ముదిరింది, ఒక్క నిమిషం. తర్వాత ఆరిపోయి మొదటికే వచ్చింది.

ఆ నీళ్లు ఎక్కడికి పోయాయో అప్పుడు ఆలోచించలేదు. ఇసుకరాయి వాటిని పీల్చుకుంది. లోపల ఉన్న ఉప్పు కరిగింది. నీరు ఆవిరవుతూ ఆ ఉప్పును పైకి లాక్కొచ్చి, రంగు ఉన్న పొర దగ్గరే స్ఫటికాలుగా గడ్డకట్టించింది. వానాకాలం తర్వాత మన ఇళ్ల గోడలకు తెల్లగా చౌడు పట్టి సున్నం పెచ్చులు ఊడటం చూసే ఉంటారు, సరిగ్గా అదే. ఒకడు ఒకసారి చల్లితే కనిపించదు. ఇరవై ఏళ్లపాటు ఆదివారం ఆదివారం ఎవరో ఒకరు చల్లితే బొమ్మ మీద తెల్లటి తెర దిగుతుంది, ఆపైన పెచ్చు లేస్తుంది. మళ్లీ అతికించడం ఎవరివల్లా కాదు.

ముట్టుకోవడం కూడా వద్దు. చేతి చెమట, నూనె రంగులో దిగుతాయి. సుద్దముక్కతో బొమ్మ చుట్టూ గీయడం, కాగితం అద్ది నకలు తీయడం, చరియ కింద పొయ్యి పెట్టి వంట చేయడం, ఇవన్నీ నేను చూశాను. పొయ్యి మసి కప్పుకు పట్టిందంటే అక్కడి బొమ్మలు పోయినట్టే. వంట చేసుకోవాలనుకుంటే గుట్ట కింద చేసుకోండి. పేర్లు చెక్కేవాళ్లకు చెప్పడానికి నా దగ్గర మర్యాదైన మాట లేదు.

చరియ నేల మీద పదునైన చిన్న రాతి పెచ్చులు, కుండపెంకులు కనిపించవచ్చు. మధ్యరాతి యుగం మనుషుల పనిముట్లు గోటంత చిన్నవి కూడా ఉంటాయి. అది ఉన్నచోట ఉంటేనే ఏ కాలానిదో చెప్పగలరు. జేబులో వేసుకుంటే అది ఉత్త రాయి. ఉన్నచోటే ఫోటో తీసి రాష్ట్ర వారసత్వ శాఖకు తెలియజేయండి.

ఫోటోలు

ఫ్లాష్ వల్ల ఖనిజపు రంగుకు వచ్చే నష్టం పెద్దగా లేదు, కానీ ఫోటో చప్పగా వస్తుంది. ఫ్లాష్ ఆపి, ఫోనును రెండు చేతులతో పట్టుకుని, మోచేతులు మోకాళ్లకు ఆనించి తీయండి. మొదట చరియ మొత్తం, తర్వాత గోడ భాగం, చివరికి బొమ్మ. ఈ వరుస తప్పితే ఇంటికొచ్చాక ఏ బొమ్మ ఎక్కడిదో మీకే తెలియదు. కొలత కోసం పిల్లల స్కేలు ఒకటి బొమ్మ పక్కన గోడకు తగలకుండా పట్టుకోండి.

డీస్ట్రెచ్ అనే కంప్యూటరు సాఫ్ట్‌వేర్ గురించి చెప్పాలి. జాన్ హార్మన్ అనే అమెరికా గణిత శాస్త్రవేత్త తయారుచేశాడు. ఉపగ్రహ చిత్రాల్లో దగ్గరదగ్గరగా ఉన్న రంగులను విడదీయడానికి వాడిన లెక్కనే రాతి చిత్రాలకు వర్తింపజేశాడు. మామూలు ఫోటోను అందులో వేస్తే కంటికి దాదాపు కనిపించని ఎరుపు కూడా మంకెనపువ్వులా పైకి తేలుతుంది. ఎరుపు గీతలకు ఎల్‌ఆర్‌ఈ, వైఆర్‌ఈ అనే అమరికలు పనికొస్తాయి. ఫోను యాప్‌గా కూడా దొరుకుతుంది. గుట్ట మీద మాత్రం తెరవకండి. తెరిస్తే రోజంతా ఫోను తెరే చూస్తారు, గోడను చూడరు. ఇంట్లో చూసుకోండి. నీళ్లు చల్లి సాధించాలనుకున్న పనిని ఇది రాయిని ముట్టకుండా, వందరెట్లు బాగా చేస్తుంది.

ఎవరికీ అంతగా తెలియని చరియ ఏదైనా మీకు దొరికితే, అది ఎక్కడుందో నలుగురికీ తెలిసేలా ఆన్‌లైన్‌లో పెట్టకండి. కాపలా లేని గోడకు పేరు రావడం కంటే పెద్ద ఆపద లేదు.

దిగాక

నాలుగు గంటలకు దిగడం మొదలుపెట్టండి. చలికాలంలో గుట్ట వెనక పొద్దు త్వరగా వాలుతుంది, ఎక్కేటప్పుడు తేలికైన రాళ్లే దిగేటప్పుడు మోకాళ్లను పరీక్షిస్తాయి. ఖాళీ సీసాలు, పొట్లాలు సంచిలోనే. ఇంకో పూట ఉన్నవాళ్లు భూపాలపల్లి వైపు సాగి గణపురం కోటగుళ్లు చూడవచ్చు. కాకతీయుల కాలపు శిల్పాలవి. రామప్ప కూడా ఇటే గానీ, మూడూ ఒకే రోజులో చుట్టేస్తామనేవాళ్లు మొదటిసారి నేను చేసిన ప్రయాణమే చేస్తారు. ఒక్కరోజుకు గుట్ట చాలు.

బస్సు ఎక్కాక ఫోటోలు చూసుకునే ముందు, గుర్తున్న బొమ్మలను నోటుపుస్తకంలో గీయండి. బొమ్మలు వేయడం రాకపోయినా పరవాలేదు, నాకూ రాదు. రేగొండ నుంచి పరకాల వచ్చేలోపు నేను గీసిన దున్న, పక్కసీటులో ఉన్న పాపకు మేకలా కనిపించింది. ఇంటికొచ్చి డీస్ట్రెచ్‌లో వేసి చూస్తే ఇంకో సంగతి తేలింది. నేను నాలుగు కాళ్లు గీశాను. గోడ మీద అయిదున్నాయి. అయిదోది కింద దాగిన మరో జంతువుదా, తోకా, వేటగాడి బల్లెమా అన్నది ఫోటోలో తేలలేదు. ఈ డిసెంబరులో మళ్లీ వెళ్లి దాని ఎదుట కూర్చోవాలి.